ఈ ఏడాది చదివినవి, సైట్‌లో మార్చినవి: మీరు ఎలా రాసి పెట్టుకుంటున్నారు?

కృష్ణాతీరం
2024 డిసెంబర్ 20, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. ఏడాది చివరికొచ్చింది. ఈ సంవత్సరం ఏం చదివాను, నా సొంత సైట్‌లో ఏం మార్చాను అన్నది ఇక్కడ పెడుతున్నాను. మీ పద్ధతులు కూడా తెలుసుకోవాలని ఉంది, ముఖ్యంగా తెలుగులో సైట్ నడిపేవాళ్లవి.

నా సైట్‌లో ఒక్కో పుస్తకానికి ఒకే ఒక్క పేజీ ఉంటుంది. మామూలు మార్క్‌డౌన్ ఫైలు, అంటే తేలికపాటి గుర్తులతో రాసే టెక్స్టు. పైన పుస్తకం పేరు, రచయిత పేరు, చదివిన నెల, కింద నోట్స్. హ్యూగో దాన్ని వెబ్ పేజీగా మారుస్తుంది, పాత రూపాలన్నీ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉంటాయి. డేటాబేస్ లేదు, లాగిన్ లేదు. ఆ పుస్తకం గురించి మళ్లీ ఏదైనా తడితే కొత్త పోస్టు రాయను, ఆ పేజీకే వెళ్లి మారుస్తాను. అందుకే ఈ ఏడాది కొత్త పేజీల కన్నా పాత పేజీల్లో మార్పులే ఎక్కువ. చదివిన విషయం పనిలో ఎదురైనప్పుడు తిరిగి వెళ్లి రాసుకునే చోటు ఒకటి ఉండాలి. నాకు సొంత సైట్ అందుకే.

ఉదాహరణకు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వేసిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ ఫిబ్రవరిలో చదివాను. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించిన మనిషి. ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకా మనుషుల్ని దింపితే అది మరింత ఆలస్యమవుతుందని ఆయన చెప్పింది మనందరికీ తెలిసిందే కదా అని అప్పుడు రెండు పేరాలు రాసి వదిలేశాను. ఆగస్టులో మా టీమ్‌లో రిలీజ్ దగ్గరపడి, టెన్షన్ పెరిగి, ఐదుగురం ఉన్నచోటికి మరో ముగ్గురిని పంపారు. అప్పుడు ఆ పేజీ మళ్లీ తెరిచాను. ఐదుగురిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 10. ఎనిమిది మందయితే 28. మనుషులు పెరిగింది ముగ్గురే, జతలు మాత్రం దాదాపు మూడింతలయ్యాయి. వచ్చినవాళ్లు చురుకైనవాళ్లే. కానీ వాళ్లకు కోడ్ చూపించే పని పాతవాళ్లదే, రిలీజ్ పనీ పాతవాళ్లదే. చివరికి కొత్త ముగ్గురికీ టెస్టులు విడిగా అప్పగించి, వాళ్లు ఒక్కరితోనే మాట్లాడేలా సర్దుకున్నాం. ఇప్పుడు ఆ పేజీలో ఉన్నది ఈ లెక్క, ఈ సర్దుబాటు. ఫిబ్రవరి పేరాలు తీసేశాను.

ఇంకొకటి కెర్నిఘన్, రిచీలు సీ ప్రోగ్రామింగ్ భాష మీద రాసిన పుస్తకం, 1988 నాటి రెండో ఎడిషన్. ఆరో అధ్యాయంలో చిన్న హ్యాష్ టేబుల్, అంటే మాటల్ని ఒక లెక్క ప్రకారం గళ్లలో పంచి దాచే పట్టిక, ఉంటుంది. 101 గళ్లు, ఒక్కో బైటు తీసుకుంటూ, అప్పటిదాకా వచ్చిన విలువను 31తో గుణించి కలుపుకుంటూ పోవడం. దానికి తెలుగు మాటలు ఇస్తే ఎలా పంచుతుందో చూడాలనిపించింది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్ ప్రమాణం ఒక్కో గుర్తుకు ఇచ్చిన నంబరు) ప్రతిదీ మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండే రెండింట్లో ఒకటి, అసలు తేడా అంతా మూడో బైటులో ఉంటుంది. అంత పునరావృతం ఉన్నా ఆ 31 గుణకారం మాటల్ని చక్కగానే చెదరగొట్టింది. మూడు వరుసల ఫంక్షన్, రాసినప్పుడు వాళ్ల మనసులో తెలుగు ఉండే అవకాశమే లేదు, అయినా పనిచేస్తోంది! ఆ పేజీ రాస్తున్నప్పుడు కలిగిన సంతోషం ఈ ఏడాది ఇంకే పేజీకీ కలగలేదు.

తెలుగు పుస్తకాల సంగతి తర్వాత రాస్తాను. వాటి పేజీలు ఇంకా నాకు సంతృప్తిగా లేవు.

బ్యాకెండ్_బాబాయ్
డిసెంబర్ 20, రాత్రి 10:02

మంచి చర్చ మొదలుపెట్టావు తమ్ముడూ. ఒక్క విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఫిబ్రవరి పేరాలు తీసేయకూడదు. అప్పుడు నీకు ఏం అనిపించిందో అదే అసలు రికార్డు. ఆగస్టులో తెలిసింది ఆగస్టు తేదీతో కింద చేర్చాలి. గిట్‌లో ఉందిగా అంటావు. నీ గిట్ చరిత్ర ఎవరు చూస్తారు? సైట్ చదివేవాడికి పేజీ ఒక్కటే కనిపిస్తుంది.

ప్రోగ్రామింగ్ పుస్తకాల రచయిత డొనాల్డ్ నూత్ గారిని చూడు. పేజీలను అచ్చుకు కూర్చే తన ప్రోగ్రామ్ టెక్‌ను 1978లో మొదటిసారి డీబగ్ చేసినప్పటి నుంచి అందులో చేసిన ప్రతి మార్పునూ, ప్రతి తప్పునూ వరుసగా లాగ్ రాసి పెట్టారు. 1989లో దాన్నే ఒక వ్యాసంగా అచ్చు వేశారు. ఏ తప్పు ఏ రకందో కూడా వర్గాలు చేసి చూపించారు. తప్పు పట్టినవాళ్లకు 2008 దాకా చెక్కులు పంపిన మనిషి ఆయన. టెక్ వెర్షన్ నంబరు పై (π) విలువకు ఒక్కో అంకె దగ్గరవుతూ ఉంటుంది, 2021లో 3.141592653 అయింది. అంత జాగ్రత్తగా మార్పుల చరిత్ర దాచిన ప్రోగ్రామర్ ఇంకొకరు నాకు తెలియదు. మన నోట్స్‌కీ అలాంటి లాగ్ ఒకటి ఉండాలి.

ఓరుగల్లు_పిల్ల
డిసెంబర్ 20, రాత్రి 10:31

అన్నా, నేనూ ఒక్కో పుస్తకానికి ఒక్కో పేజీయే పెడుతున్న. కానీ తెలుగు పుస్తకాల దగ్గర ఆగిపోయిన. ఇంగ్లిష్ పుస్తకానికి ఐఎస్‌బీఎన్ అనే గుర్తింపు నంబరు కొడితే ఓపెన్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ పుస్తకాల జాబితా నుంచి పేరు, రచయిత, అట్ట బొమ్మ అన్నీ వచ్చేస్తాయి. నా స్క్రిప్టు అట్లనే రాసుకున్న. ఈ ఏడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న తెలుగు పుస్తకాల్లో సగానికి ఆ నంబరే లేదు. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణం అయిందే 1970లో. అంతకుముందు అచ్చయినవాటికి ఎక్కడి నుంచి వస్తది?

ఫైలు పేరుకు నంబరే వాడుతున్న కాబట్టి నంబరు లేని పుస్తకం నా సైట్‌లోకి రానే రాదు. మీరు ఏం చేస్తున్నరు?

పాతపుస్తకం
డిసెంబర్ 21, ఉదయం 6:20

అమ్మాయ్, ఐఎస్‌బీఎన్ రాకముందు కూడా గ్రంథాలయాలు నడిచాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నుంచి ఉంది. పుస్తకం రాగానే లైబ్రరీ వాళ్లు రిజిస్టరులో వరుస నంబరు వేసి, పక్కన పేరు, రచయిత, ప్రచురణకర్త, ఊరు, ముద్రణ, సంవత్సరం రాస్తారు. ఆ రిజిస్టరు ఒక్కటీ ఉంటే పుస్తకం ఏదో ఎవరైనా పోల్చుకోగలరు. నీకు నువ్వే వరుస నంబరు వేసుకో. నంబరు నీ పుస్తకానిది, అంటే నీ చేతిలో ఉన్న ఆ ప్రతిది.

కృష్ణాతీరం గారూ, మీ ఫైల్లో పేరు, రచయిత, చదివిన నెల మాత్రమే ఉన్నాయన్నారు. అది చాలదండి. కన్యాశుల్కం తీసుకోండి. 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు గురజాడ దాదాపు తిరగరాసినది. మనం ఇవాళ చదివేది ఆ రెండోదే. ‘కన్యాశుల్కం చదివాను’ అని మీరు రాస్తే ఏ కన్యాశుల్కం అని నేను అడుగుతాను. పాత పుస్తకాల స్కాన్లు ఆర్కైవ్.ఆర్గ్‌లో చదివేవాళ్లకయితే ఇది మరీ ముఖ్యం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసినవాటి పేర్లు చాలాచోట్ల ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాసి ఉంటాయి. లోపలి ముఖపత్రం చూసి మీరే రాసుకోవాలి.

కృష్ణాతీరం
డిసెంబర్ 21, ఉదయం 8:05

పాతపుస్తకం గారూ, ఇదే నాకు కావలసింది. ముద్రణ, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం నాలుగూ చేరుస్తున్నాను. తెలుగు పేజీలు నాకెందుకు నచ్చడం లేదో ఇప్పుడు అర్థమైంది. ‘ఏది చదివాను’ అన్నదే అక్కడ సరిగ్గా లేదు.

బాబాయ్, మీ మాట గురించి రాత్రంతా ఆలోచించాను. కానీ కన్యాశుల్కం నా వైపే ఉంది చూడండి! గురజాడ పాతదాని కింద కొత్త తేదీతో అనుబంధం చేర్చలేదు, నాటకాన్నే మళ్లీ రాశారు. చదివేవాడికి అందాల్సింది ఇప్పటికి మెరుగైన రూపం. నా పేజీ తెరిచినవాడు ఫిబ్రవరిలో నేనేమనుకున్నానో తెలుసుకోవడానికి రాడు, ఆలస్యమైన ప్రాజెక్టులో ఏం చేయాలో తెలుసుకోవడానికి వస్తాడు.

బ్యాకెండ్_బాబాయ్
డిసెంబర్ 21, ఉదయం 8:40

మొదటి కూర్పు కూడా దొరుకుతోంది కాబట్టే కదా, తిరగరాశారని మనం చెప్పుకోగలుగుతున్నాం? రెండూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లున్నారు. నేనడిగేదీ అదే. మార్చు, వద్దనను. పాతది కనిపించే దారి మాత్రం పేజీలో ఉంచు.

డాలస్_డెవ్
డిసెంబర్ 21, ఉదయం 9:10

ఇద్దరికీ పనికొచ్చే విషయం ఒకటుంది. నేను అందరి సైట్లూ ఫీడ్ రీడర్‌లో, అంటే కొత్తగా వచ్చినవన్నీ ఒకేచోట చూపించే ప్రోగ్రామ్‌లో చదువుతాను. 2013 జులై 1న గూగుల్ రీడర్ మూతపడ్డాక చాలామంది ఫీడ్లు వదిలేశారు, నేను వదల్లేదు. పాత పేజీ మారిస్తే నాలాంటి చదువరికి ఆ సంగతి తెలియదు. అదీ అసలు ఇబ్బంది.

2005లో వచ్చిన ఆటమ్ అనే ఫీడ్ ప్రమాణంలో దీనికి జవాబు ఉంది. ప్రతి ఎంట్రీకి రెండు తేదీలు ఇవ్వొచ్చు: ప్రచురించిన తేదీ, మార్చిన తేదీ. విచిత్రం ఏమిటంటే మార్చిన తేదీయే తప్పనిసరి, ప్రచురించిన తేదీ ఐచ్ఛికం. అంటే పేజీలు మారుతూనే ఉంటాయని ఆ ప్రమాణం రాసినవాళ్లు ముందే అనుకున్నారన్నమాట. హ్యూగోలో గిట్ సమాచారం వాడే సెట్టింగ్ ఆన్ చేస్తే చివరి కమిట్ (గిట్‌లో మార్పు దాచిన) తేదీని అదే తీసుకుంటుంది. అయితే హ్యూగో మామూలుగా ఇచ్చేది ఆర్‌ఎస్‌ఎస్ అనే ఇంకో రకం ఫీడ్. ఆటమ్ కావాలంటే టెంప్లేట్ మనమే రాసుకోవాలి, పెద్ద పనేం కాదు.

ఒక జాగ్రత్త. ఒక్క కామా మార్చినా మార్చిన తేదీ కదిలిందంటే చదివేవాళ్లు విసుక్కుంటారు. నేను అర్థం మారినప్పుడే చేత్తో తేదీ వేస్తాను.

కొత్తకోడర్
డిసెంబర్ 21, మధ్యాహ్నం 1:25

అందరికీ నమస్తే అండి. నేను బీటెక్ మూడో సంవత్సరం. సైట్ పెట్టాలని ఉంది కానీ నేను చదివింది చాలా తక్కువ. తెలుగులో రాస్తే రిక్రూటర్లు చూడరని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇంకో ప్రాబ్లెమ్ ఏంటంటే, ట్రయల్‌గా ఒక పేజీకి తెలుగులోనే అడ్రస్ పెట్టి వాట్సాప్‌లో పంపితే పెద్ద చెత్తలా వచ్చింది, అంతా శాతం గుర్తులు, అంకెలు. ఎందుకలా?

కృష్ణాతీరం
డిసెంబర్ 21, మధ్యాహ్నం 2:10

తమ్ముడూ, అడ్రస్ సంగతి ముందు. ‘తెలుగు’ అన్న మాటలో మూడు అక్షరాలే కనిపిస్తాయి. కంప్యూటర్‌కు అవి ఆరు కోడ్‌పాయింట్లు: త, ఎత్వం, ల, ఉకారం, గ, ఉకారం. ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18 బైట్లు. అడ్రస్‌లో పంపేటప్పుడు ఒక్కో బైటు శాతం గుర్తు, మరో రెండు గుర్తులుగా మారుతుంది. 18 మూళ్లు 54. ఒక్క మాటకే అంత! బ్రౌజర్ దాన్ని తిరిగి తెలుగులో చూపిస్తుంది, కొన్ని యాప్‌లు చూపించవు. అందుకే నేను అడ్రస్‌లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా పెడతాను, పేజీ శీర్షిక తెలుగులో ఉంటుంది. ఒకసారి పెట్టిన అడ్రస్ మాత్రం మార్చొద్దు. మంచి అడ్రస్‌లు మారవని వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక పేజీ రాసి పెట్టారు, ఆ పేజీ ఇప్పటికీ అదే అడ్రస్‌లో ఉంది.

రిక్రూటర్ల గురించి: రెజ్యూమె ఇంగ్లిష్‌లో ఉంచు, ప్రాజెక్టుల పేజీ ఇంగ్లిష్‌లో ఉంచు. చదివినవాటి నోట్స్ నీ కోసం. నీకు ఏ భాషలో ఆలోచన తెగుతుందో ఆ భాషలో రాయి. పాయింటర్ల గురించి నేను తెలుగులో రాసుకున్న పేజీయే ఈ రోజుకీ మా టీమ్‌లో కొత్తగా చేరిన తెలుగువాళ్లకు పంపుతున్నాను. తక్కువ చదివానని ఆగకు. ఇప్పుడు చదువుతున్న చాప్టర్ ఒక్కదానితో మొదలుపెట్టు.

అక్షరశిల్పి
డిసెంబర్ 21, సాయంత్రం 5:50

కృష్ణాతీరం గారి సైట్ ఇప్పుడే చూశాను. రాసింది చాలా బాగుంది, కనిపించే తీరు గురించి నాలుగు మాటలు చెప్పాలి. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ టెంప్లేట్‌లో ఉన్నట్టే 1.4 ఉంచారు. ‘స్త్రీ’ అన్న మాట చూడండి: పైన గుడిదీర్ఘం, కింద తావత్తు, రావత్తు. ఆ వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతున్నాయి. తెలుగుకు పైనా కిందా చోటు కావాలి. 1.7 కన్నా తగ్గించకండి, నేనయితే 1.8 పెడతాను. శీర్షికల పెట్టెలో పొంగినదాన్ని కత్తిరించే సెట్టింగ్ ఉంది, దానివల్ల వత్తులు సగానికి తెగుతున్నాయి. తీసేయండి.

ఫాంట్ విషయం. పేజీ మొత్తానికి రామరాజ వాడారు. అది శీర్షికలకు రాజసంగా ఉంటుంది, నాలుగు పేరాలు చదవడానికి కళ్లు అలసిపోతాయి. మండలి గానీ నోటో గానీ పెట్టండి. అన్నీ ఉచితమే.

ఇంకోటి, మొదటి పేజీలో ఒక్కో పుస్తకం కింద కొంచెం నోట్స్ చూపించి చుక్కలు పెట్టారు. ఆ కత్తిరింపు కోడ్‌పాయింట్ల లెక్కలో జరుగుతోంది. ఒకచోట ‘శాస్’ అని ఆగి చుక్కలొచ్చాయి, అది ‘శాస్త్రం’ అయ్యుండాలి. బ్రౌజర్‌లోనే అక్షరాలను విడదీసే సెగ్మెంటర్ ఉంది, 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 125తో అన్ని ప్రధాన బ్రౌజర్లలోకీ వచ్చింది. అయితే యూనికోడ్ పాత నియమం ప్రకారం ‘స్త్రీ’ మూడు ముక్కలు: స్, త్, రీ. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు, దేవనాగరి, బెంగాలీ లాంటి లిపుల్లో సంయుక్తాక్షరం ఒకే ముక్కగా లెక్కకొస్తుంది. చదివేవారి బ్రౌజర్ ఏ కాలానిదో మీ చేతిలో లేదు. కాబట్టి అక్షరాల దగ్గర కాకుండా మాటల మధ్య ఖాళీ దగ్గర కత్తిరించండి. గొడవ ఉండదు.

మన లిపిని ప్రోగ్రాములు సరిగ్గా పట్టించుకోకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ను ఒక తీరులో, మధ్యలో కనిపించని నాన్-జాయినర్‌తో (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. తెలుగులో సైట్ నడిపే ప్రతి ప్రోగ్రామరూ ఇలాంటివి పరీక్షించి చెబుతూ ఉంటేనే ఇవి బాగుపడతాయి.

వినే_చదువరి
డిసెంబర్ 21, రాత్రి 7:30

నాకు చూపు లేదు. స్క్రీన్ రీడర్‌తో చదువుతాను, ఈ చర్చ కూడా అలాగే వింటున్నాను. కనిపించే తీరు గురించి మాట్లాడుకున్నారు కాబట్టి వినిపించే తీరు గురించీ అడుగుతున్నాను.

ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు. కానీ పేజీ తెలుగులో ఉందని హెచ్‌టీఎంఎల్‌లో భాష గుర్తు పెట్టకపోతే దానికి తెలియదు. కృష్ణాతీరం గారి పేజీల మీద భాష ఇంగ్లిష్ అని ఉంది, టెంప్లేట్‌తో వచ్చినదే అయ్యుంటుంది. మొదటి వరుసలో ఆ ఒక్క గుర్తు మార్చండి. మధ్యలో ఇంగ్లిష్ కోడ్ ఉన్నచోట దానికి వేరే గుర్తు పెట్టండి. కోడ్ బొమ్మలుగా కాకుండా అక్షరాలుగా పెట్టినందుకు మాత్రం ధన్యవాదాలు. ఆ హ్యాష్ ఫంక్షన్ మొత్తం విన్నాను, అర్థమైంది కూడా.

స్కాన్ పుస్తకాలు నాకు పేజీల ఫొటోలు మాత్రమే. అందుకే పుస్తకాల నోట్స్ ఎవరైనా తెలుగులో టైపు చేసి పెడితే, చాలాసార్లు ఆ పుస్తకం నాకు అందేది అంతవరకే. దయచేసి నోట్స్ కాస్త వివరంగా రాయండి.

ఓరుగల్లు_పిల్ల
డిసెంబర్ 21, రాత్రి 8:15

మీ పోస్టు చదవంగనే నా సైట్ చూసుకున్న. భాష గుర్తు ఇప్పుడే మార్చిన. రేపటి నుంచి నోట్స్‌లో ఒక్కో అధ్యాయం గురించి రాస్త.

పాతపుస్తకం గారూ, వరుస నంబరు పద్ధతి పెట్టిన. స్క్రిప్టు ఐఎస్‌బీఎన్ ఉంటే తీసుకుంటది, లేకపోతే ఖాళీగా వదిలేస్తది. పక్కన పెట్టిన పాత పుస్తకాలన్నీ ఇప్పుడు ఎక్కుతున్నయి.

వెతుకులాట గురించి ఎవరన్నా చెప్తారా? నా సైట్‌లో ‘ఇల్లు’ అని వెతికితే ‘ఇంట్లో’, ‘ఇంటికి’ ఉన్న పేజీలు రావట్లేదు.

బ్యాకెండ్_బాబాయ్
డిసెంబర్ 21, రాత్రి 9:00

రావమ్మా. ఇంగ్లిష్‌కు మాట మూలం పట్టే స్టెమర్లు ఉన్నాయి. అందరూ వాడే స్నోబాల్‌లో తమిళం, హిందీ ఉన్నాయి కానీ తెలుగు లేదు. మనకు విభక్తులన్నీ మాటకే అంటుకుంటాయి: పుస్తకంలో, పుస్తకానికి, పుస్తకాలతో. వీటికి సులువైన దారి ముందు భాగం సరిపోల్చడం. ‘పుస్తక’ అని వెతికితే మూడూ దొరుకుతాయి. ఇల్లు, ఇంటికి; ఊరు, ఊళ్లో లాంటివి దానికి చిక్కవు. అలాంటి మాటలు నిత్యం వాడేవి మహా అయితే ఒక చిన్న పట్టికకు సరిపోతాయి. నేను నా సైట్ కోసం ఒక పట్టిక రాసుకుంటున్నాను, ‘ఇల్లు’కు ఎదురుగా ‘ఇంటి’, ‘ఇంట్లో’, ‘ఇళ్ల’ అని. ఇక్కడ పెడతాను, అందరూ చేర్చండి. ఒక్కరం చేస్తే ఏళ్లు పడుతుంది, పది మందిమి కలిస్తే సంక్రాంతికి వాడుకోదగ్గది తయారవుతుంది.

డాలస్_డెవ్
డిసెంబర్ 21, రాత్రి 9:20

నేను చేరతాను. మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడి గోదావరి వైపు వాడే రూపాలు కూడా రాయిస్తాను.

కృష్ణాతీరం
డిసెంబర్ 22, సాయంత్రం 6:40

ఈ రోజు సెలవు కావడంతో కూర్చుని చేశాను. వరుసల ఎడం 1.8, పేజీకి మండలి, శీర్షికలకు రామరాజ అలాగే ఉంది. భాష గుర్తు తెలుగు, కోడ్ ముక్కలకు విడిగా గుర్తు. కత్తిరింపు మాటల దగ్గర. ఆటమ్ ఫీడ్‌లో రెండు తేదీలు.

బాబాయ్, మన వాదన తెగలేదు, నేను ఇప్పటికీ పేజీ మార్చడమే మంచిదంటాను. కానీ ప్రతి పేజీ కింద ‘పాత రూపాలు’ అని లింకు పెట్టాను. ఫిబ్రవరి పేరాలు అందులో కనిపిస్తాయి. వినే_చదువరి గారూ, ఆ పాత రూపాలు కూడా మామూలు పేజీలే, మీకు వినిపిస్తాయో లేదో ఒకసారి చూసి చెప్పండి.

రేపు ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్‌కు వెళ్తున్నాను. ఎవరైనా వస్తే చెప్పండి. ఈసారి కొనే ముందు ముద్రణ వివరాల పేజీ చూస్తాను.

వినే_చదువరి
డిసెంబర్ 22, రాత్రి 8:05

విన్నాను. తెలుగు తెలుగులా, కోడ్ కోడ్‌లా వస్తోంది. పాత రూపాల పేజీలో తేదీలు పట్టికలో ఉన్నాయి, పట్టికకు తల వరుస లేదు. అది పెట్టండి.

కొత్తకోడర్
డిసెంబర్ 22, రాత్రి 10:50

సైట్ మొదలుపెట్టానండి! సీ పుస్తకం ఆరో అధ్యాయం చదువుతున్నాను. ఇది నా మొదటి ఫైలు పైభాగం:

వరుస నంబరు: 1
పేరు: ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్
రచయితలు: కెర్నిఘన్, రిచీ
చదివినది: ఆరో అధ్యాయం
మొదలు: 2024 డిసెంబర్

ఇంకేమైనా కావాలా?

పాతపుస్తకం
డిసెంబర్ 23, ఉదయం 6:10

బాగుంది నాయనా. ఎడిషన్, సంవత్సరం రాయలేదు. 1978 నాటిదా, 1988 నాటిదా? అట్ట తిప్పి చూసి రాయి.